వంకర గీత

అమెరికాలో కార్ల ఫ్యాక్టరీలకు పేరుపడ్డ ఫ్లింట్ ఊళ్ళో వెర్లన్ స్టిగర్స్ గురించి ఒక మాట ఉంది, శవానికైనా రంగు పూసి పెళ్ళిచూపులకు కూర్చోబెట్టగలడని. ఆ మాట అన్నవాళ్ళు కూడా అతని దగ్గర బండ్లు కొన్నవాళ్ళే కాబట్టి అతనికి ఎప్పుడూ కోపం రాలేదు. అరవైల నాటి పెద్ద ఇంజన్ల కార్లంటే ఆ ఊరికి ప్రాణం. తాళం తిప్పితే ఇంటి కిటికీలు అదిరేలా గర్జించే బండ్లవి. వాటిని పొలాల్లోంచి, పాకల్లోంచి, లోపల కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న దశలో కొనుక్కొచ్చేవాడు. తుమ్మితే ఊడే తలుపులకు కొత్త రేకు అతికి, రంగు కొట్టి, ముఖం కనబడేదాకా మెరుగుపెట్టి అమ్మేవాడు. ముసలి గుర్రం పళ్ళు అరగదీసి పడుచుదని అంటగట్టిన సంతబేరగాళ్ళ నాటినుంచీ ఉన్న విద్యే ఇది. గుర్రాలు పోయాయి, గుర్రాల లెక్కన బలం చెప్పుకునే బండ్లు వచ్చాయి. ఎక్కడేం మార్చాడో అడిగినవాడికి వెర్లన్ దాచేవాడు కాదు. అడగనివాడికి చెప్పేవాడూ కాదు.

అలాంటి మనిషికి డెబ్బై దాటాక ఒక కోరిక పుట్టింది. తన చెయ్యి పడని బండి ఒకటి తనదై ఉండాలని.

ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి రంగు అలాగే ఉండి, ఎవరూ తిరిగి ముట్టుకోని బండిని ఆ వ్యాపారంలో ‘బతికి మిగిలినది’ అంటారు. ఆ ఊరి పత్రికలో చావుకబురు వేసేటప్పుడు కూడా అదే మాట రాస్తారు. ఫలానాయన పోయారు, బతికి మిగిలినవారు భార్య, ఒక కూతురు అని. భాషలకు ఇలాంటి పొదుపు అలవాటే. ఒకే గిన్నెలో పెరుగూ తోడుపెడతాయి, కన్నీళ్ళూ పట్టుకుంటాయి.

వెర్లన్ కన్నుపడిన బండి బెర్నడీన్ వోజ్నియాక్ గారి షెడ్డులో ఉంది. భర్త కాజిమిర్ పోయినప్పటినుంచీ అది కదల్లేదు. ముదురు ఆకుపచ్చ రంగు, రెండు పక్కలా ముందు దీపంనుంచి వెనక దీపందాకా తెల్లని గీత. ఎడమ గీత తాడు పట్టినట్టుంటుంది. కుడి గీత మాత్రం వెనక్కి పోయేకొద్దీ వేలెడంత పైకి లేస్తుంది. బండి కుడివైపును గోడకు దాదాపు ఆనించి పెట్టారు కాబట్టి, సందులోంచి తల దూర్చి చూస్తే తప్ప ఆ వంకర కనబడదు. వెర్లన్ తల దూర్చనే దూర్చాడు. ఎవరో చేతకానివాడు కుడిపక్క మళ్ళీ గీశాడని అప్పుడే తేల్చుకున్నాడు. మిగతాదంతా మచ్చలేనిదైతే ఆ ఒక్కటీ తను సరిచేసుకోగలడు.

ఏటా ఈస్టరు ఉపవాసాలు మొదలయ్యే ముందురోజు, ఆ ఊరి పోలిష్ కుటుంబాలన్నీ జామ్ కూరి నూనెలో వేయించిన పొంచ్కీలనే తీపి బూరెలు తినే మంగళవారం నాడు, ఒక డబ్బా పొంచ్కీలు పట్టుకుని ఆవిడ తలుపు తట్టేవాడు. ఆవిడ ఒకటి తిని, వేళ్ళకంటిన చక్కెర దులుపుకుని, ఏటా ఒకే ప్రశ్న అడిగేది. బండి నీకిస్తే మొట్టమొదట ఏం చేస్తావు అని. కుడి గీత సరిచేస్తానని అతను నిజాయితీగా చెప్పేవాడు. పొంచ్కీలు బాగున్నాయి, వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వెళ్ళమనేది ఆవిడ. ఒక ఏడు జవాబు మార్చి చూద్దామని, రెండు గీతలూ కొత్తగా వేయిస్తానన్నాడు. ఆ ఏడు పొంచ్కీలు బాగున్నాయని కూడా అనకుండానే పంపేసింది.

ఈ వేసవిలో ఆవిడే ఫోన్ చేసింది. లాన్సింగ్‌లో ఉన్న కూతురు రెనాటా దగ్గరికి వెళ్ళిపోతోందట, ఇల్లు ఖాళీ చేస్తోందట. బండి ఎవరికివ్వాలో ఇంకా అనుకోలేదు. ముందు దాన్ని ఆగస్టులో జరిగే పాత బండ్ల ప్రదర్శనకు తీసుకెళ్ళాలి, అందరిలా తనూ బండి వెనక మడత కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఆ తర్వాతే మాట.

"పత్రికవాళ్ళు నన్ను బతికి మిగిలినదని రాశారు కదా," అందావిడ. "అదీ నేనూ ఒకసారి వీధిలో కూర్చుంటాం."

వెర్లన్ ఆ షెడ్డులోనే టైర్లూ పెట్రోలు గొట్టాలూ మార్చాడు. పైన మాత్రం మంచినీళ్ళు తప్ప ఏదీ తగలనివ్వలేదు. తుడుస్తున్నప్పుడు చెయ్యి కుడిపక్కకు పోతే ఎడమ చేత్తో లాగి వెనక్కి పెట్టుకున్నాడు.

ప్రదర్శన రోజున సాగినా వీధి ఇటుకల మీద బండ్లు బారులు తీరాయి. మెరుగుపెట్టినవి ఒక వరస, రంగు మార్చినవి ఒక వరస. బతికి మిగిలినవాటి వరస చిన్నది. బెర్నడీన్ గడ్డి టోపీ పెట్టుకుని, చెప్పినట్టే బండి వెనక కుర్చీలో రాణిలా కూర్చుంది. బ్లూమ్‌ఫీల్డ్ హిల్స్‌నుంచి వచ్చిన గ్రాంట్ హేవర్‌ఫోర్డ్ అనే పెద్దమనిషి ఉదయంనుంచీ అక్కడే తచ్చాడుతున్నాడు. మర్యాదస్తుడు, పాత బండ్ల కోసమే ఒక భవనం కట్టించినవాడు. ఈ బండి నిజంగా చెయ్యిపడనిదైతే ఆవిడ నోటినుంచి ఏ ధర వస్తే ఆ ధరకు తీసుకుంటానన్నాడు. వెర్లన్ విన్నాడు. ఇక తన పొంచ్కీల కథ ముగిసిందనుకున్నాడు.

అప్పుడు న్యాయనిర్ణేత లమార్ టీస్లీ వచ్చాడు. టార్చి, మోకాళ్ళ కింద వేసుకునే రబ్బరు పలక, కనుబొమల మీదికి దింపిన టోపీ. వెర్లన్‌తో అతనికి నలభయ్యేళ్ళ తగవూ స్నేహమూ. ఎడమపక్క చూసి తలాడించాడు. కుడిపక్కకు వచ్చి ఆగిపోయాడు.

"ఒరే ముసలోడా, ఈ వయసులో కూడా నీ చెయ్యి ఊరుకోదా?"

"నేను ముట్టుకోలేదు."

"మరి ఈ గీత తాగి గీసిందెవరు, మా అత్తా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. లమార్ నవ్వలేదు. ఇంత వంకర ఫ్యాక్టరీ గేటు దాటదు, ఇది తర్వాత గీసిందేనని అతని అనుమానం. కానీ బెర్నడీన్ ముఖం చూసి, టార్చిని వెర్లన్ చేతిలో పెట్టాడు. "దొంగరంగు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. చూసి చెప్పు. నువ్వెలా అంటే అలా. తర్వాత గీసిందే అంటే ఆ రంగు మార్చినవాటి వరసకు తొయ్యమంటాను."

హేవర్‌ఫోర్డ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత గీసిందైతే అతనికి అక్కర్లేదు. అది వెర్లన్ చూశాడు. ఒక్క మాటంటే చాలు, బండి తనదే. అది అబద్ధం కూడా కాదు, ఇన్నేళ్ళూ తను నమ్మిందే. నమ్మినదాన్ని నోటితో అనడానికి మోకాళ్ళు వంచనక్కర్లేదు.

అయినా వంచాడు. అలవాటు.

ఆ పక్కను పగటి వెలుతురులో ఇంత దగ్గరగా చూడడం అతనికి అదే మొదటిసారి. వయసొచ్చిన రంగు మీద సన్నని పగుళ్ళు వస్తాయి, ముసలివాళ్ళ కళ్ళ పక్కన వచ్చినట్టు. తర్వాత పూసిన గీత అయితే కింది పగుళ్ళు దాని అంచు దగ్గర ఆగిపోవాలి. ఇక్కడ ఆగలేదు. ఆకుపచ్చలో మొదలైన పగులు తెల్లగీతలోకి నడిచి, దాటి, మళ్ళీ ఆకుపచ్చలోకి వెళ్ళింది. రెండూ ఒకేసారి ముసలివయ్యాయి. వెనక దీపం పక్కన, గీత చివర, పచ్చి రంగు మీద ఎవరో నొక్కిన బొటనవేలి ముద్ర ఉంది. దానిలోనూ అవే పగుళ్ళు.

వెర్లన్ టార్చిని ఆ ముద్ర మీదే ఉంచాడు. నడుం పట్టేసిందా అని లమార్ అడిగాడు.

"ఫ్యాక్టరీలోదే," అన్నాడు వెర్లన్, కిందనుంచే. "ఎవడో వంకరగా గీశాడు, వేలు కూడా పెట్టాడు. అలాగే గేటు దాటింది. ఇంతకంటే ముట్టుకోని బండి నేను చూడలేదు."

లమార్ తనూ వంగి చూశాడు. మోకాలు పట్టుకుని లేచి, టోపీ వెనక్కి నెట్టుకుని, ఉన్నచోటే ఉంచమన్నాడు. హేవర్‌ఫోర్డ్ ఒకటికి రెండడుగులు ముందుకొచ్చాడు.

"ఆ వేలు మా ఆయనది," అంది బెర్నడీన్ కుర్చీలోంచి.

అప్పుడు చెప్పింది. కాజిమిర్ ఆ ఫ్యాక్టరీలో గీతలు తిన్నగా రావడానికి రంగు కొట్టేముందు టేపు అంటించేవాడు. ఒకరోజు ఎడమపక్క అయ్యాక, ఆసుపత్రినుంచి కబురొచ్చింది, ఆడపిల్ల పుట్టిందని. ఆ సంబరంలో, తొందరలో కుడిపక్క అంటించాడు, టేపు పీకేటప్పుడు వేలు తగిలించాడు, భయపడి ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళకు అమ్మకపు దుకాణం ముందు అదే బండి నిలబడి కనబడింది. నా తప్పు ఇంకొకడి వాకిట్లో నిలబడడమేమిటని, తాహతుకు మించి వాయిదాల మీద తెచ్చుకున్నాడు. చర్చికి వెళ్ళినా సరే, కుడిపక్కను గోడవైపు పెట్టి దిగేవాడు.

"రెనాటా కంటే ఒక్క పూటే చిన్నది ఇది," అందావిడ. "సరే, ఇద్దరూ చెప్పండి. మీకిస్తే మొట్టమొదట ఏం చేస్తారు?"

హేవర్‌ఫోర్డ్ మనస్ఫూర్తిగా చెప్పాడు. అద్దాల గది కట్టిస్తాడు, లోపల ఎప్పుడూ ఒకే చల్లదనం, ఎవరి చెయ్యీ తగలదు, ఇంకో వందేళ్ళు ఇలాగే ఉంటుంది.

"మంచివాడివయ్యా. కానీ మా ఇంట్లో ఒకరిని ఇప్పటికే చల్లని పెట్టెలో పెట్టి వచ్చాం."

ఇక వెర్లన్ వంతు. ఎప్పుడూ చెప్పేది ఇప్పుడు చెప్పలేడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని మాత్రం గుర్తొచ్చింది.

"ఆకలేస్తోంది అమ్మగారూ. ముందు మిమ్మల్నెక్కించుకుని వెళ్ళి ఎక్కడైనా కోనీ రొట్టె తింటాను."

"మరి గీతో?"

"ఏ గీత?"

ఆవిడ టోపీ సవరించుకుని తాళాలు తీసి అతని చేతిలో పెట్టింది. ధర తర్వాత చెప్పింది, చర్చిలో నిలబడి చెప్పినా సిగ్గుపడక్కర్లేని ధర. అతను బేరమాడలేదు. పైగా ఒక షరతు. ఏటా ఆ మంగళవారం పొంచ్కీలు లాన్సింగ్‌కు రావాలి, ఈ బండిలోనే.

ప్రదర్శన మధ్యలోనే బయల్దేరారు. ఇంజను గర్జించగానే ఇటుకల వీధంతా తల తిప్పింది. కోనీ దుకాణం ముందు వెర్లన్ గోడ పక్కనే ఖాళీ ఉన్నా అటు పోకుండా, కుడిపక్క వీధిలోకి కనబడేలా నిలిపాడు. అక్కడే కూర్చుని తిన్నారు. మాంసం పొడీ ఉల్లిముక్కలూ నిండిన రొట్టెలోంచి కాస్త ఆవాల ముద్ద జారి సీటు అంచున పడింది. వెర్లన్ చెయ్యి దానంతటదే జేబులోని గుడ్డ మీదికి పోయింది. బెర్నడీన్ నమలడం ఆపి చూస్తోంది.

అతను గుడ్డ తీసి, తన మూతి తుడుచుకున్నాడు.