బొరుగుల బట్టీకి యజమాని ఎవరు?

నేను చెప్పేదాంట్లో రవ్వంత అబద్ధముంటే నా పండ్లన్నీ రాలిపోనీ లక్షుమ్మా! ఉండేవే రెండంటావా, అవీ పోనీ. నిన్న మా బొరుగుల బట్టీకి పట్టిన గతి పగోళ్లకు గూడా పట్టకూడదు. నువ్వు టీ తాగుతా ఇను, నేను ఏడుస్తా చెప్తా.

రాజధాని హైదరాబాదుకు పోయినప్పటినుంచీ మన ప్రొద్దుటూరికి రకరకాల ఆఫీసర్లొస్తాండారు గదా. నిన్న లేబర్ ఇన్‌స్పెక్టరు వస్తాండాడని కబురు. పనోళ్లుంటే వారానికొకనాడు కూలిచ్చి మరీ సెలవియ్యాలంట! ఇనంగానే నా గుండె ఆగిపోయి, మళ్లీ సంగటి తిన్నాకే కొట్టుకునింది.

మా బట్టీలో పనిచేసేది ఇద్దరే, హుసేన్‌బీ, మరియమ్మ. ఇద్దర్నీ కూర్చోబెట్టి పాఠం చెప్పినా.

"మీరు నా పనోళ్లు కాదు. కాంట్రాక్టుదార్లు. బట్టీ బాడుగకు తీసుకున్యారు. ఇష్టమైతే వస్తారు, లేకుంటే పోతారు. మీకు మీరే రాణులు. తెలిసిందా?"

"శానా బాగా తెలిసింది జేజీ" అనింది హుసేన్‌బీ. ఆ నవ్వు చూసినప్పుడే నాకు బుద్ధి రావాల్సింది.

నిన్ననే పులివెందుల తిరణాల సరుకు. తేరు మింద చల్లే బొరుగులు వేయించి, మూటలు గట్టి సాయంత్రం బస్సుకెయ్యాల. తప్పితే ఆ పులివెందుల శెట్టి మళ్లీ మా గడప తొక్కడు. ఆయన బేరం పోతే బట్టీ మూసుకోవడమే.

ఇన్‌స్పెక్టరు వచ్చె. గుంటూరు పక్క మనిషంట, మాటకు ముందొక 'అండీ', వెనకొక 'అండీ'. అరుగు మింద కూర్చుండె. ఆయన్ను చూస్తూనే హుసేన్‌బీ గరిటె కింద పెట్టి, కాళ్లు చాపి, ఆకూవక్కా తీసె. బాణలి కింద శెనక్కాయ పొట్టు భగభగా మండుతాంది. కాలిన ఇసుకలో బియ్యం చిటపటమంటాండాయి. కలబెట్టే దిక్కు లేదు!

"కలబెట్టవే!" అని నోటిదాకా వచ్చింది. అంటే నేనే యజమానినని తెలిసిపోదా? కొంగు నోట్లో కుక్కుకున్యా.

"మాడిపోతున్నట్టుందండీ?" అన్యాడు ఇన్‌స్పెక్టరు.

"మాడితే మా సరుకు మాడుతుంది సార్. మాకు చెప్పేవాళ్లు ఎవరు?" అనింది హుసేన్‌బీ.

"నాకు ఈరోజు మనసు బాగలేదు, పోయి పండుకుంటా" అని మరియమ్మ చీర దులుపుకొని లేచె. పోతాపోతా నాకు కన్ను గొట్టింది లక్షుమ్మా, ఒట్టు!

పొగ లేచింది. ఏం పొగ! జమ్మలమడుగోళ్లు మబ్బనుకొని, ఆరబోసిన మిరపకాయలు లోపలేసుకున్యారంట. ఇంక నా వల్ల కాలేదు. ఎగిరి దూకి గరిటె పట్టుకున్యా.

"మరి మీరెవరండీ?" అన్యాడాయన.

యజమానినంటే దొరికిపోతి. ఏం చెప్పల్ల? "నేనా సార్... కూలికొచ్చినా."

"ఎవరి దగ్గర?"

"మా దగ్గరే సార్" అనింది హుసేన్‌బీ, ఆకు నములుతా. "పాపం ముసల్ది, దిక్కులేదంటే పెట్టుకున్యాం. నోరెక్కువ, పని తక్కువ."

ఆయన కండ్లల్లో నీళ్లు! రెండు బిందెలకు తక్కువుండవు. వాళ్లిద్దరూ యజమానులనీ, నేను పనిమనిషిననీ రాసుకున్యాడు. "ఈ వయసులో ఇంత పొగలో నిలబెడతారా? కూలి కోసుకోకుండా ఈమెకు ఈ పూటే సెలవివ్వండి. ఎల్లుండి మళ్లీ వచ్చి చూస్తా" అని, గరిటె లాక్కొని, నన్ను నా బట్టీలోంచి బయటికి తోలినాడు!

సరుకు బొగ్గాయె, బస్సు పోయె. పులివెందుల శెట్టి తొండూరు నుంచి బొరుగులు తెప్పించుకున్యాడంట. నేను అరిచేదానికి గూడా నాకు పనోళ్లు లేకపోయిరి.

రేపే వస్తాడు ఆ ఇన్‌స్పెక్టరు. టీ అయిపోయింది గదా, లెయ్ తల్లీ. హుసేన్‌బీ ఇంటికాడికి పోయి, కొంచెం మర్యాదగా అడిగి రా. రేపు నన్ను పనిలోకి రమ్మంటుందా, వద్దంటుందా?