ఓబర్‌షాలె అంటే టాప్‌సైడ్

కంప్యూటర్లలో రెండు వేల సంవత్సరం తేదీల గొడవ మొదలయ్యాక మా ఆయనకి సిడ్నీలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోటల్లా వెతికి సరిచేయడం ఆయన పని. పొద్దున్నే పెండిల్ హిల్ స్టేషన్లో రైలెక్కితే మళ్లీ చీకటి పడేవేళకే ఇంటికి రావడం. నేను గుంటూరులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసినదాన్ని. ఎక్కడ అప్లై చేసినా పిలుపు రాలేదు. సిడ్నీ శివారు గిరావీన్‌లోని మా అద్దె ఇంట్లో మధ్యాహ్నాలు ఎంతకీ గడిచేవి కావు.

పక్కింట్లో ఒక జర్మన్ ఆవిడ ఒంటరిగా ఉండేది. డెబ్భై దాటిన మనిషి. యుద్ధం అయిపోయిన కొన్నేళ్లకి భర్తతో కలిసి ఓడలో వచ్చి ఇక్కడే స్థిరపడిందట. ఆయన పోయాడు, పిల్లల్లేరు. నేను ఆంటీ అని పిలిస్తే మొదట్లో, "నాకు మేనకోడళ్లెవరూ లేరే," అని ఆశ్చర్యపోయింది. తర్వాత్తర్వాత తనే కంచె అవతల నిలబడి, "ఆంటీ వచ్చింది, బయటికి రా," అని పిలవడం మొదలుపెట్టింది.

ఒకరోజు అలాగే పిలిచి, చేతిలో ఉన్న పొట్లం విప్పి చూపించింది. దారంతో గట్టిగా కట్టిన పెద్దమాంసం ముద్ద.

"రోస్ట్‌బీఫ్ అడిగాను. సూపర్‌మార్కెట్లో ఇదిచ్చారు. ఇది తొడ. రోస్ట్‌బీఫ్ తొడలో ఎందుకుంటుంది? వీపు మీద కదా ఉండాలి," అంది.

నాకు అర్థం కాలేదు. ఇంగ్లీషువాళ్లకి రోస్ట్‌బీఫ్ అంటే వండిన వంటకం, దానికి ఏ ముక్కయినా కాల్చుకోవచ్చు. జర్మన్లకి అదే మాట నడుం దగ్గరి పచ్చి మాంసం పేరట. ఆవిడ అన్నేళ్లూ ఒక జర్మన్ కసాయి దగ్గరే కొనేది. ఆయన ముసలివాడై కొట్టు మూసేశాడు. ఇన్నాళ్లూ సొంత భాషలో అడుగుతూ వచ్చింది కాబట్టి ఆ పేర్లు ఇంగ్లీషులో నేర్చుకోవాల్సిన అవసరమే రాలేదు.

డిసెంబర్లో ఆవిడ చెల్లెలు జర్మనీ నుంచి వస్తోందని అప్పుడే చెప్పింది. ఓడ ఎక్కిన రోజున రేవులో చూడటమే, మళ్లీ చూడలేదట. "మా అమ్మ చేసే రూలాడె, అదే, మాంసం చుట్టలు చేసిపెట్టాలి. దానికి ఓబర్‌షాలె కావాలి. ఇక్కడ దాన్ని ఏమంటారో ఎవర్ని అడగను?"

నా పరిస్థితీ అంతకంటే మెరుగ్గా లేదు. మా ఊళ్లో అయితే తొడ, నల్లి, పక్కటెముకలు అంటే సరిపోయేది. ఇక్కడ ఫ్రిజ్ ముందు నిలబడితే సిల్వర్‌సైడ్, బ్లేడ్, రంప్ అని చీటీలు. వెండి ఎక్కడిదో, బ్లేడెందుకో తెలీక ఖీమా కొనుక్కుని వచ్చేదాన్ని.

"మెరీలాండ్స్‌లో మేం కొనే హలాల్ షాప్ ఉంది ఆంటీ. రేపు ఆర్వో వెళ్దామా?" అన్నాను. ఆస్ట్రేలియావాళ్లు మధ్యాహ్నాన్ని ఆర్వో అంటారని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

మర్నాడు ఇద్దరం రైలెక్కి వెళ్లాం. కొట్టు నడిపేది లెబనాన్ నుంచి వచ్చిన ఒక నడివయసు మనిషి. ఓబర్‌షాలె అనే మాట ఆయన ఎన్నడూ వినలేదు. ఆవిడ గొంతు పెంచి మళ్లీ అదే చెప్పింది. వెనక జనం ఆగారు. ఆవిడ చెంపలు ఎర్రబడ్డాయి.

"పేరు వద్దు ఆంటీ. ఎక్కడ ఉంటుందో చూపించండి," అన్నాను.

ఆవిడ ఏమాత్రం మొహమాటపడకుండా గౌను మీద నుంచే తొడ లోపలి వైపు చేత్తో చరిచింది. "ఇక్కడ. పల్చగా, అరచేయంత వెడల్పుగా కోయాలి. ఆవపిండి రాసి, ఉల్లిపాయ పెట్టి, చుట్టి దారం కట్టాలి."

హైదరాబాద్‌లో మా పెద్దమ్మ అలా పల్చగా కోయించి, సుత్తితో కొట్టించి వండే కూర కళ్లముందుకొచ్చింది. "పసందా ముక్కల్లాగా," అన్నాను ఆ కొట్టాయనతో.

ఆయన ముఖం విచ్చుకుంది. "పసందా తెలుసు సిస్టర్, పాకిస్తాన్ వాళ్లు అడుగుతారు. అది టాప్‌సైడ్." ఒక ముక్క కోసి చాపితే ఆవిడ వెలుతురుకి ఎత్తి చూసి, తల ఊపింది.

ఆ ధైర్యంతో ఇంకోటి అడిగింది. టాఫెల్‌ష్పిట్స్, అంటే బల్ల కొస. తుంటి పైన ఉండే ముక్క, నీళ్లలో నెమ్మదిగా ఉడికిస్తారట. ఆయన రంప్ మొత్తం తెచ్చి పెడితే ఆవిడ వేలితో గీత గీసి చూపించింది. "ఓ, ఇదా. మేం రంప్‌ని అడ్డంగా స్టీకులు కోసేస్తాం. ఇది ప్రతి స్టీకులోనూ కాస్త కాస్త పోతుంది. ఫోన్ చేసి చెప్తే విడిగా తీసిపెడతాను," అన్నాడాయన. పేర్లు మాత్రమే వేరనుకున్నాను అప్పటిదాకా. కత్తి నడిచే దారే వేరని ఆ రోజు తెలిసింది.

తిరుగు రైల్లో ఆవిడ హుషారుగా చెబుతూనే ఉంది. ఒక ముక్క పేరు మేయర్ గారి ముక్క అట, పూర్వం ఊరిపెద్ద కోసం దాచేవాళ్లు కాబట్టి. ఇంకోదాని పేరు దొంగ ఫిలే, చూడ్డానికే మెత్తటి ఫిలే ముక్కలా ఉంటుంది, అంతే. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆ దేశం వచ్చాక నేనలా నవ్వడం అదే మొదలేమో.

తర్వాత ఆ కొట్టుకి తరచూ వెళ్లాం. నా వంతు కోసం నిలబడ్డప్పుడు, మాట తోచక ఇబ్బందిపడే ఆడవాళ్ల దగ్గరికి నేనే వెళ్లి, ఏం వండుతారని అడిగి కొట్టాయనకి చెప్పేదాన్ని. ఒకరోజు కొట్టాయన, "సిస్టర్, వారానికి కొన్ని ఆర్వోలు కౌంటర్లో నిలబడతారా? కత్తి పట్టక్కర్లేదు, మాట్లాడితే చాలు," అన్నాడు.

సాయంత్రం మా ఆయనకి చెప్తే తినడం ఆపేశారు.

"ఎమ్మెస్సీ చేసి మాంసం కొట్లోనా? మీ వాళ్లకి ఏమని చెప్పను?"

"జాబ్ చేస్తోందని చెప్పండి. ఇంట్లో కూర్చుని కూర్చుని నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తోందండీ. జనవరి తర్వాత మీ ప్రాజెక్ట్ ఎక్స్‌టెండ్ చేస్తారో లేదో మీకే క్లియర్‌గా తెలీదు."

ఆయన కలిపిన అన్నాన్నే మళ్లీ కలిపారు. చివరికి, "యాప్రన్ వేసుకుంటావా?" అని అడిగారు.

"వేసుకుంటాను."

"సరే, శనివారం వచ్చి చూస్తాను," అన్నారు.

డిసెంబర్లో ఆంటీ చెల్లెలు దిగింది. అక్కకంటే పొడుగు, గట్టి గొంతు. మా ఆయన్నీ నన్నూ భోజనానికి పిలిచారు. చుట్టిన ముక్కలు గోధుమరంగు పులుసులో మెరుస్తున్నాయి. చెల్లెలు ఒకటి విప్పి చూసి, జర్మన్‌లో ఏదో సణిగింది.

"పందిమాంసం పెట్టలేదేమని అడుగుతోంది. అమ్మ పెట్టేది కదా. ఈ పిల్ల తినదు, అందుకే పెట్టలేదన్నాను," అని ఆవిడ నాకు చెప్పింది.

చెల్లెలు నా వైపు చూసి, ఒక ముక్క తిని, మరొకటి వడ్డించుకుంది. తర్వాత అక్కాచెల్లెళ్లు వాళ్ల భాషలో ఒకరి మాట ఒకరు తెంపుకుంటూ మాట్లాడుకున్నారు. మేం తింటూ విన్నాం.

కొత్త సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. జనవరి చివర్లో మా ఆయన కాంట్రాక్టు ముగిసింది. నా పని ఉండబట్టి ఆయన కంగారుపడి దొరికినదల్లా ఒప్పుకోలేదు. ఏప్రిల్‌కి దగ్గర్లోని పరమట్టాలోనే మంచి ఉద్యోగం వచ్చింది. ఆ మధ్య రోజుల్లో మధ్యాహ్నాలు నన్ను కొట్టు దగ్గర దింపి, సాయంత్రం మళ్లీ వచ్చేవారు. దారిలో నేను ఆ రోజు అమ్మిన ముక్కల పేర్లు చెబుతుంటే వినేవారు. ఒకసారి కాస్త ముందే వచ్చి, లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడి చూశారు. నేను ఒక సూడాన్ ఆవిడతో చేతులూపుతూ మాట్లాడుతున్నాను. ఆవిడ తన మోకాలి కింద, నల్లి ఉండే చోటు చూపిస్తోంది.

"షిన్ కావాలంట," అన్నారు మా ఆయన, అక్కణ్నుంచే.