వగీహ్ సంతకం

మా ముహర్రం బే వీధిలో ట్రాము దిగితే ముందు కనిపించేవి బోర్డులు రాసే వగీహ్ అక్షరాలే. ఫార్మసీ మీద, రేడియోల కొట్టు మీద, ఐస్‌క్రీము దుకాణం మీద. దిమ్మెలు పేర్చినట్టు బరువైన గీతలు, వాటి మధ్య నిండు గుండ్రని కడుపులు. అరబ్బీ రాతలో ఉండే ఒయ్యారం మచ్చుకైనా ఉండేది కాదు. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన కొత్త రోజులవి. "ఇది మందుల కొట్టా, చంద్రమండలానికి టిక్కెట్లమ్మే చోటా?" అని ఫార్మసీ లబీబ్‌ను ఏడిపించేవాళ్లు. "నీ తలనొప్పికి మందు అక్కడే ఉందిట, ఎక్కు" అనేవాడు లబీబ్.

వగీహ్ రెల్లుకలం పట్టింది గురువు సిద్కీగారి దగ్గర. కానీ స్కేలూ కంపాసూ చేతికొస్తేనే మనిషికి ప్రాణం లేచొచ్చేది. కంపాసు చాలకపోతే వంటింటి మూతలు. "మూత కనపడటం లేదు, ఏ అక్షరంలో దూర్చావయ్యా?" అని భార్య ఇన్సాఫ్ అరిచేది.

మా రాతగాళ్లలో ఒక కట్టుబాటుంది. గురువు సరేననే దాకా శిష్యుడు తన రాత కింద పేరు పెట్టకూడదు. సిద్కీగారు సరేననలేదు. వగీహ్ జుట్టు నెరుస్తున్నా అతని బోర్డులు తండ్రి పేరు లేని పిల్లల్లా వేలాడుతూనే ఉన్నాయి.

"నువ్వే పెట్టేసుకో. ఆయనేమన్నా నిచ్చెనెక్కి చూస్తాడా?" అంది ఇన్సాఫ్ ఒకరోజు, మా ఇద్దరి ముందుకూ ఉడికిన చిక్కుడు గింజల గిన్నె తోస్తూ.

"ఆయన చూడరు. నేను చూస్తాను కదే."

ఒక శుక్రవారం సిద్కీగారే మా వీధికి వచ్చారు. చూపు బాగా తగ్గింది, గోడ తడుముకుంటూ నడుస్తున్నారు. వగీహ్ పరుగున కుర్చీ తెచ్చాడు. ఆయన కూర్చోలేదు. ఫార్మసీ బోర్డుకేసి తలెత్తారు.

"దీన్ని నేను రాత అననురా. బీరువా అంటాను."

"చిత్తం, గురువుగారూ."

"కానీ నా రాతలు నాకే కనపడటం మానేశాయి. ఈ బీరువా ట్రాములోంచే కనపడింది. దాన్ని చూసుకునే దిగాను. ఆ మొదటి అక్షరం కడుపు అంత పెద్దదెందుకు?"

"తగ్గిస్తే మాటంతా అటు చివరికి ఒరిగిపోతుందండీ."

ఆయన చాలాసేపు చూశారు. "ఒరుగుతుంది. సరే, పేరు పెట్టుకో."

వగీహ్ కళ్లు తుడుచుకుని నిచ్చెనెక్కాడు. కుంచె ఎత్తాక చెయ్యి ఆగిపోయింది. వయసులో ఉన్నప్పుడు సాధన చేసి దాచుకున్న సంతకం రెల్లుకలానిది, మెలికలు తిరిగినది. ఆ బండ అక్షరాల కింద అది వేరే ఇంటి మనిషిలా ఉంటుంది. దిగొచ్చాడు. స్కేలు తీసుకుని మళ్లీ ఎక్కి, తన పేరు కూడా బీరువాలాగే గీసి నల్లరంగు నింపాడు.

"ఎంత పెట్టావురా! కొట్టు లబీబ్‌దా, నీదా?" అన్నారు సిద్కీగారు కిందనుంచి.

"చిన్నది పెడితే మీకు కనపడదు కదండీ."

గురువుగారు నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డారు.

"ఉంచరా, ఉంచు. లబీబ్‌కి నేను చెప్పుకుంటాను."