కుర్చీ ఖాళీగ ఉండొద్దు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో నేను రిసెప్షన్ చూసేటప్పుడు, మెట్ల మీద బూట్ల చప్పుడైతే చాలు, మా సిస్టమ్ సారు మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చుని కీబోర్డు మీద చేతులు పెట్టేవారు. దాంట్లో ర్యాంకు కార్డులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒక్క మనిషి కూర్చుని వాడుకోవడానికే. యజమాని మాట కాదనలేక, ఎల్బీనగర్ బ్రాంచి ర్యాంకు కార్డులు కూడా మనిషి లేకుండా దాంట్లోనే తయారయ్యేలా సారే అమర్చారు.

"కంపెనీవోళ్ళు చెకింగ్‌కొస్తే కేసు నా మీదనే అయితది," అనేవారు.

ఒకరోజు టై కట్టుకున్న ఒకాయన వచ్చి, "మా అమ్మాయికి సీటుందాండీ?" అని అడిగి వెళ్ళిపోయారు. సారు వేళ్ళు ఇంకా కీబోర్డు మీదే ఉన్నాయి.

"పోయిండా? జర నువ్వు కూసోమ్మా. కుర్చీ ఖాళీగ ఉండొద్దు," అని నీళ్ళు తాగడానికి వెళ్ళారు.

కూర్చున్నాను. ఎవరూ తాకకుండానే తెర మీద కార్డులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. అంతలో మెట్ల మీద బూట్ల చప్పుడు. నా చేతులు వాటంతటవే కీబోర్డు మీదికి పోయాయి.