ఇంజను నాకు, తొట్టి అన్నయ్యకు

తాళం తిప్పితే "టక్" అనేది. అంతే. ఆ ఒక్క ముక్క అని మా పాత ట్రాక్టరు స్టార్టరు మూగనోము పట్టేది. అది బాగై చాలా రోజులైంది గానీ, మంచు పట్టిన పొద్దుటి పూట కొబ్బరి మట్టలు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు వింటే, దాని వెనకాలే ఆ "టక్" కూడా వినిపిస్తుంది నాకు. నిద్రలో విన్నానో, మెలకువలో విన్నానో చెప్పలేను. లేచి కూచుని, దిబ్బ వైపు చూస్తాను.

దిబ్బ సంగతి చెప్పాలంటే పంపకాల సంగతి చెప్పాలి. నాన్న పోయాక నేనూ అన్నయ్యా తోటలు పంచుకున్నాం. కొబ్బరీ, జీడీ అన్నీ సజావుగానే తెగాయి. గట్టు మీదున్న ఒక్క వరస చెట్ల దగ్గర మాత్రం మాటా మాటా పెరిగింది. నేనొకటన్నాను, ఆయన రెండన్నాడు. ఇద్దరిదీ ఒక్క రక్తమే కదా, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజుతో మాటలు పోయాయి. ఇక ట్రాక్టరును ఏం చేయాలో పెద్దమనుషులకు తోచలేదు. బుర్రలు గోక్కుని గోక్కుని, ఇంజను నాకూ, వెనకాల తగిలించే తొట్టి అన్నయ్యకూ అని తేల్చేశారు. ఆహా, ఏం తెలివి! ఇలాంటి పంపకం ఉద్దానం మొత్తంలో ఇంకెవరూ చేసి ఉండరు. తొట్టి లేకపోతే నా ఇంజను కొబ్బరికాయలు మోయలేదు. ఇంజను లేకపోతే ఆయన తొట్టి కదలదు.

తొట్టి మా ఇంటి పక్కనే ఉండేది. దాన్ని ఇంజనుకు తగిలించే ఇనప పిన్ను మాత్రం అన్నయ్య రోజూ సాయంత్రం లుంగీ మడతలో దోపుకుని తనింటికి పట్టుకుపోయేవాడు. ఆయన లేకుండా నేనెక్కడ తొట్టి వాడేసుకుంటానోనని. పొద్దున్నే ఆ పిన్ను పట్టుకుని వచ్చేవాడు.

స్టార్టరు పాడైన ట్రాక్టరును తోసి స్టార్టు చేయాలి. మా నేలంతా ఇసక. ఇసకలో దాన్ని తోయడం ఏనుగుల వల్ల కూడా కాదు. అందుకే గట్టి మట్టి పోసి దిబ్బ చేశాం. పని అయ్యాక ట్రాక్టరును దిబ్బ ఎక్కించి, చక్రాల కింద కొబ్బరి దుంగ అడ్డం పెట్టేవాణ్ణి. పొద్దున్న దుంగ తీసి వెనక నుంచి ఒక్క తోపు తోస్తే కిందికి దొర్లుతుంది. నేను గేరులో ఉంచి క్లచ్ వదిలితే ఇంజను అందుకుంటుంది. ఆ తోపు తోసేది అన్నయ్య.

మరి మాట్లాడుకోని వాళ్ళం పని ఎలా చేసుకోవాలి? ట్రాక్టరుతో మాట్లాడేవాళ్ళం.

"ఏటే ముసిల్దానా, రేతిరి వానకి తడిసిపోనావా? మీ అయ్య బరకం కప్పలేదేటి?" అనేవాడు అన్నయ్య, మడ్‌గార్డు మీద చరుస్తూ. మీ అయ్య అంటే నేను.

"సెప్పవే, బరకం ఆళ్ళింట్లోనే ఉండిపోనాదని," అనేవాణ్ణి నేను స్టీరింగు వైపు చూస్తూ.

వదినకు జ్వరం తగ్గిందన్న సంగతీ, బారువలో వలకు మంచి చేప పడిందన్న సంగతీ అలాగే తెలిసేవి నాకు. పక్కింటివాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు, మా ట్రాక్టరు మా ఇష్టం.

దుంగ తీశాక, ఇంజను అందుకునే లోపల, ఒక చిన్న సందు ఉండేది. అంత బరువైన బండి చప్పుడు చేయకుండా మంచులోకి జారిపోతుంటుంది. తోటల అవతల సముద్రం ఘోష. వెనకాల అన్నయ్య ఊపిరి. చిన్నప్పుడు తాటిమట్ట మీద నన్ను కూచోబెట్టి ఇసకలో లాక్కుపోయిందీ ఈ అన్నయ్యే. అప్పుడూ ఇలాగే ఆ ఊపిరి ఒక్కటే వినిపించేది. ఆ సందు ఇంకొంచెం సాగితే బాగుండునని రోజూ అనుకునేవాణ్ణి. అంతలోనే ఇంజను భగ్గుమనేది, పొగ కమ్మేసేది.

ఒకరోజు ఆ ఊపిరి వేరేగా ఉంది. వెనక్కి తిరిగి చూశాను. ఆయన ఒక్క భుజంతో తోస్తున్నాడు. ఎడమ చెయ్యి గుండెకు అదుముకుని ఉంది, మణికట్టు పైన తెల్లటి కట్టు. ఇంటికొచ్చి మా ఆవిణ్ణి అడిగాను. ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు కదా, వాళ్ళకు ఏ గట్టూ అడ్డం కాలేదు.

"కిడ్నీలంట," అంది. "పలాసలో డయాలసిస్ మొదలెట్టినారు. సూది గుచ్చడానికి ఆ సేతి నరం కోసి కుట్టినారట. ఆ సేత్తో బరువులు ముట్టుకోకూడదంట."

మా ఉద్దానం ఊళ్ళలో ఎందరినో తినేసిన ఆ జబ్బు ఏమిటో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. మర్నాడు దిబ్బ మీద స్టీరింగు వైపు చూస్తూ, "ఒలే, ఆ సెయ్యి నీ మీద పెట్టొద్దని సెప్పవే," అన్నాను.

"నీకెందుకే ఆ గొడవ? నోర్మూసుకోని ఎల్లు," అన్నాడు అన్నయ్య. కావాలని రెండు చేతులూ పెట్టి తోశాడు.

ఆ రోజే స్టార్టరు బాగుచేయాలని నిశ్చయించుకున్నాను. మా ఆవిడ మాత్రం ఆగమంది.

"అది బాగైపోతే బావగారికి మనింటికొచ్చే పనేటుంటాది? పొద్దున్నే ఆ నాలుగు మాటలైనా అవుతన్నాయి గదా."

"ఆ నాలుగు మాటల కోసం సెయ్యి పోగొట్టుకోమంటావేటి?" అని కసిరాను. కసిరానే గానీ, ఆమె మాట నాలో ముల్లులా దిగబడిపోయింది.

జీడి చెట్టు నీడలో పట్టా పరుచుకున్నాను. ముందు బ్యాటరీ వైర్లు విప్పాను. ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. కిరసనాయిలు పోసి, కాసేపాగి, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి ఊడబీకాను. స్టార్టరు ఒళ్ళో పెట్టుకుంటే చంటిపిల్లాడంత బరువుంది. విప్పి చూస్తే లోపలంతా నల్లటి పొడి. తిరిగే రాగి భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు గోరంత అయ్యేదాకా అరిగిపోయి, రాగిని తాకడం మానేశాయి. ఇన్నాళ్ళూ "టక్" అని ఊరుకోవడానికి అదే కారణం.

కొత్తవి పలాసలో దొరకలేదు. టెక్కలిలో ఒక పాత దుకాణంలో, "ఈ మోడలుకి ఇప్పుడెవుడు తెస్తాడు మావా," అంటూనే ఏదో డబ్బా అడుగు నుంచి తీసి ఇచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం గరుకు కాగితంతో రాగిని రుద్దుతూ కూచున్నాను. పండిన జీడిపళ్ళ వాసన మత్తుగా ఉంది. ఎక్కడో కోయిల ఆగి ఆగి కూస్తోంది. కళ్ళు మూతలు పడ్డాయి. తాటిమట్ట మీద ఉన్నాను, మట్ట ఇసకలో జారుతోంది, ముందు లాగుతున్న అన్నయ్య వీపు కనిపిస్తోంది. పిలుస్తున్నాను, తిరిగి చూడడు. ఉలిక్కిపడి లేచాను. ఒళ్ళో స్టార్టరు, చేతిలో కొత్త కార్బన్లు. ఇవి పక్కన పడేసి పాతవే బిగించేద్దామా అనిపించింది. ఎవరికి తెలుస్తుంది? పొద్దున్నే వస్తాడు, తిడతాడు, తోస్తాడు. నిజంగానే పాత ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అప్పుడా తెల్లటి కట్టు గుర్తొచ్చింది. కొత్తవే బిగించాను.

పొద్దున్న అన్నయ్య వచ్చాడు, పిన్ను తొట్టి మీద పెట్టాడు, మడ్‌గార్డు మీద చెయ్యి వేశాడు. నాకెందుకో ఏమీ చెప్పబుద్ధి కాలేదు. దుంగ తీయకుండానే తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే భగ్గుమంది. వెనక్కి తిరిగాను. ఆయన చెయ్యి ఇంకా మడ్‌గార్డు మీదే ఉంది, దానితోపాటు అదురుతోంది. ఏదో ఒకటి తిడతాడని ఎదురుచూశాను. ట్రాక్టరును కూడా ఏమీ అనలేదు. లుంగీకి చేతులు తుడుచుకుని, పిన్ను మళ్ళీ మడతలో దోపుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి పొద్దున అన్నయ్య రాలేదు. పిన్ను నా సీటు మీద ఉంది. ఎప్పుడొచ్చి పెట్టి వెళ్ళాడో!

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన చెయ్యి కోసం నేనింత తంటాలు పడితే, ఇక నాతో పని లేదని పిన్ను నా మొహాన పారేసిపోతాడా! ట్రాక్టరు ఎక్కి తాళం తిప్పి, తొట్టి కూడా తగిలించకుండా నేరుగా ఆయనింటికి పోనిచ్చాను. గుమ్మం ముందు ఆపేశాను. అన్నయ్య అరుగు మీద కూచుని ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో ఉంది. మొహం ఉబ్బి ఉంది. అంత దగ్గరగా, అంత తేరిపార ఆయన మొహం చూసి ఎన్నాళ్ళయిందో. నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

ఆయన నా వైపు చూడలేదు. ట్రాక్టరునే చూశాడు. "ఏటే, మళ్ళీ మొరాయించినావేటి?"

అలవాటుగా స్టీరింగు వైపు తిరిగి "సెప్పవే" అనబోయాను. ఆ మాట అనకుండానే కిందికి దిగాను.

"అది బాగానే ఉన్నాది అన్నియ్యా," అన్నాను. పిన్ను తీసి ఆయన కుడి చేతిలో పెట్టాను. "ఇది నీకాడే ఉండాల. రోజూ పట్టుకు రా."

ఆయన పిన్నునే చూస్తూ, "తోసే పని నేదు గదా. వచ్చి ఏటి సేసేది?" అన్నాడు.

"తోయొద్దు. వచ్చి తిట్టు, సాలు."

పెదవి చివర నవ్వు లాంటిదేదో కదిలింది. అరుగు మీద ఆయన పక్కన కూచున్నాను. ఆపిన ఇంజను చల్లబడుతూ ఉండుండి చిటుక్కుమంటోంది. తోటల అవతల సముద్రం వినిపిస్తోంది.

"నువ్వెలాగున్నావు అన్నియ్యా?"

ఆయన ట్రాక్టరు వైపు తిరిగి నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"బాగోలేదురా," అన్నాడు.