సరిచేసిన పాట

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టాక ఆమె ఎన్నడూ వాటి వైపు చూసి ఎరగదు. ముందుగదిలో భర్త క్లారినెట్ అందుకుని తను కట్టిన పాట మొదలుపెట్టేవాడు. పాట ముగిసేసరికి పాలు పొంగుకొచ్చేవి. ఆయన పోయాక ఆమె గిన్నె ముందు నిలబడి కాపలా కాస్తోంది. అయినా రోజూ పొయ్యి పాలే.

ఆయన బ్యాండు మేళం నడిపేవాడు. కాగితం మీద స్వరాలు చదవడం రాదు. తను వాయిస్తే పక్కవాళ్లు విని పట్టుకోవాలి, అంతే ఆ చదువు. ఇప్పుడు మేళం మరిది చేతికొచ్చింది. రేపు కొత్త పార్కు తెరిచేటప్పుడు అన్న పాటే వాయిస్తామన్నాడు. ఆ ఒక్క మాటకే మురిసిపోయి, మేళం కోట్లన్నీ తానే ఉతికిపెడతానంది.

మధ్యాహ్నం ఆమె పెరట్లో కోట్లు నానబెడుతుంటే లోపల సాధన మొదలైంది. కొత్తగా చేరినవాళ్లు, ఎదురుగా కాగితాలు. ఆయన పైస్వరం నుంచి కిందికి జారే చోటు వచ్చింది. ఒక్కరూ జారలేదు. మెట్లు దిగినట్టు టకటకా దిగిపోయారు.

ఆమె తడిచేతులతోనే గుమ్మంలోకొచ్చింది.

"అక్కడ జారాలి కదయ్యా?"

"అది తప్పు వదినా. అన్నయ్య క్లారినెట్‌కి ఒక మీట బిగుసుకుపోయి ఉండేది. ఆ స్వరం పలక్క జారేవాడు. విన్నవాళ్లంతా పాటే అలాంటిదనుకున్నారు. రాయించేటప్పుడు సరిచేయించాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. నోట్లో నాలుక లేని మనిషని పేరున్న ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీట బాగుచేయించుకొచ్చిన రోజున రెండు రకాలుగానూ వాయించి, ఏది బాగుందే అని నన్నే అడిగారు మీ అన్నయ్య. జారేదే అన్నాను. అదే ఉంచారు. పుట్టుమచ్చని మసి అనుకుని తోమేస్తారటయ్యా?"

"నిజమే అయుండొచ్చు వదినా. కానీ వీళ్లెవరూ అన్నయ్య వాయించడం వినలేదు. కాగితం లేకపోతే తలోదారిన పోతారు."

"అయితే ఆ జారుడు కూడా కాగితం మీదికెక్కించు."

"ఇప్పుడా? అందరికీ చేతికొచ్చేసింది. ఇంకోసారి చూద్దాంలే. వినేవాళ్లలో ఎవరికి తెలుస్తుంది చెప్పు?"

"నాకు తెలుస్తుంది. నేనింకా చావలేదు."

మరిది ఆ మాట వినిపించుకోనట్టే వాళ్ల వైపు తిరిగి, "ఊఁ, మళ్లీ మొదట్నుంచి," అన్నాడు. అంతలోనే గుర్తొచ్చి, "కోట్లు సాయంత్రానికి ఆరిపోతాయిగా వదినా?"

ఆమె పెరట్లోకి నడిచింది. బకెట్లలో కోట్లు ఉబ్బి తేలుతున్నాయి. ఎండ ఫెళ్లున కాస్తోంది. లోపల పాట ఆ చోటికి రావడం, టకటకా దిగడం, మళ్లీ మొదలవడం. ఆమె చేతులు తుడుచుకుని గట్టు మీద కూర్చుంది. ఎండ గోడెక్కి, గోడ దాటి పోయేదాకా అలాగే కూర్చుంది. ఒక్క కోటూ పిండలేదు.