అక్క కాల్చిన ప్లగ్గులు

దయ్యాలు, పూనకాలు, దిష్టి, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. మోటారు పని నేర్చినవాడికి వాటితో అవసరం లేదని నా గర్వం. బండి లేవలేదంటే పెట్రోలు అందలేదు, లేదా స్పార్కు రాలేదు, లేదా గాలి సరిగా పోలేదు. నాలుగో కారణం ఉండదని ఎందరితోనో వాదించాను. ఇది చదివి ముసలాడికి మతి చెడిందనుకుంటే అనుకోండి. నా కుడిచేతి రెండు వేళ్ళ మీద కాలిన మచ్చలు మాత్రం ఇంకా ఉన్నాయి.

అవి యుద్ధం రోజులు. మా బావ బాన్సువాడలో, కాలువల తనిఖీకి తిరిగే ఒక సాహెబు దగ్గర డ్రైవరు. ఆ బండి మామూలు మోటారు కాదు. వెనక ఒక మంచం, గోడకు మడిచే బల్ల, నీళ్ళ పీపా, గిన్నెలు పెట్టుకునే అర ఉండేవి. క్యాంపుకు వెళితే సాహెబు వారాల తరబడి అందులోనే కాపురం. క్యాంపు లేనప్పుడు అది బావ ఇంటి పక్కన రేకుల కొట్టంలో ఉండేది.

ఇంజను పాతది. చలికాలం పొద్దున లేవడానికి మహా మొండికేసేది. అందుకని బావ సాయంత్రమే నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పి అక్క చేతికి ఇచ్చేవాడు. తెల్లవారి పొయ్యి అంటించగానే అక్క వాటిని నిప్పుల్లో కాల్చి, పట్టుకారుతో తీసి ఇచ్చేది. వేడి మీదనే బిగించి హ్యాండిల్ తిప్పితే బండి లేచేది. లోపల పిస్టను రింగులు అరిగి నూనె పైకెక్కుతోందని, ప్లగ్గులు దానితోనే తడుస్తున్నాయని బావ అనేవాడు.

నేను నిజామాబాదులో మెకానిక్కును. ఒకసారి చూడ్డానికి వచ్చి, ఇంజనుకు ఈ వంటింటి వైద్యం ఏమిటని ఇద్దరినీ ఆటపట్టించాను. రింగులు కాదు, స్పార్కు బలంగా లేదని తేల్చాను. పాయింట్లు రుద్ది, కాయిల్ మార్చి, ఇక ప్లగ్గులు విప్పే పనే లేదని చెప్పి వెళ్ళాను. నిజంగానే ఆ తర్వాత బండి రోజూ రెండు తిప్పులకే లేచింది. మా బామ్మర్ది చెయ్యి మంచిదని బావ బజారంతా చెప్పుకున్నాడు. విని ఉబ్బిపోయాను.

మరుసటి చలికాలం మళ్ళీ వెళ్ళాను. నేను ఉండగానే అక్కకు కడుపులో నొప్పి పట్టింది. తెల్లవారేసరికి ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు వచ్చి చూసి, నిజామాబాద్ పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేయాలని, ఆలస్యమైతే దక్కదని చెప్పాడు. సాహెబు తన బండి తీసుకుపొమ్మన్నాడు. అక్కను వెనక మంచం మీద పడుకోబెట్టాం.

బండి లేవలేదు.

ముందురోజు బావ దాన్ని కొట్టంలో పెట్టకుండా వాకిట్లోనే వదిలేశాడు. మంచుకు బానెట్టంతా తడిసి ఉంది. హ్యాండిల్ తిప్పీ తిప్పీ బావ అరిచేతులు బొబ్బలెక్కాయి. నేను పైపు ఊడదీసి చూస్తే పెట్రోలు వస్తోంది. తన ప్లగ్గు పానా ఎప్పుడో పోయిందని బావ అంటే, నా పానాతో ఒక ప్లగ్గు విప్పి ఇంజను మీద ఆనించి చూస్తే స్పార్కు నీలంగా పడుతోంది. మళ్ళీ బిగించాను.

లోపలి నుంచి అక్క పిలిచింది. "తమ్మీ, ప్లగ్గులు తీసి నిప్పులల్ల కాల్చుర్రి."

"స్పార్కు మంచిగనే వస్తున్నదక్కా. నువ్వు పండుకో."

కొంతసేపటికి మళ్ళీ అదే మాట అంది. ఈసారి నేను బావ చేతిలోని హ్యాండిల్ అందుకున్నాను. బయట గాలిలో బాగా పడిన స్పార్కు కూడా, ప్లగ్గుకు నూనె తడి ఉంటే, ఇంజను లోపల చచ్చిపోతుంది. అది నాకు తెలియనిది కాదు. కానీ తడి లేదని ఏడాది కింద చెప్పింది నేనే కదా.

చివరికి ఎడ్లను కట్టి లాగిస్తే లేచింది. అప్పటికి పొద్దు బాగా ఎక్కింది. దారిలో వర్ని దాటాక అక్క మూలుగు వినబడలేదు. బండి ఆపి చూశాం. ఇక దవాఖానకు పోవలసిన పని లేకపోయింది.

మూడో రోజు చెంబు కోసం వంటింట్లోకి వెళ్ళాను. ఉప్పు జాడీ వెనక ఒక పాత చీర ముక్క కనబడింది. నూనె మరకలతో నల్లబడి ఉంది. విప్పితే, ఎప్పుడో పోయిందని బావ చెప్పిన ప్లగ్గు పానా. అప్పుడు అర్థమైంది. నా రిపేరుతో బండి బాగవలేదు. బావ లేవకముందే అక్క రోజూ ప్లగ్గులు విప్పి, కాల్చి, బిగించి పెట్టింది. బావ దగ్గర తమ్ముడి మాట పోకూడదని ఆ పని చేసింది. మంచం మీద ప్రాణం పోతున్నా, బావ పక్కనే ఉన్నాడని ఆ సంగతి బయటపెట్టలేదు.

పానాను నా సంచిలో నా పానా పక్కన దాచేశాను.

బావ అన్నం ముట్టడం మానేశాడు. ఎవరు పలకరించినా ఒక్కటే మాట. "మంచుల బండిని ఇడిసిపెట్టి నేనే దాన్ని సంపుకున్న."

ఆయన గుండె మీది బరువు నాది. అది తీయాలని పదో రోజు పొద్దున నిశ్చయించుకున్నాను. దినం కాగానే బండి కావాలని సాహెబు కబురు పంపితే ఇద్దరం కొట్టంలోకి వెళ్ళాం. సూర్యుడు అప్పుడే పైకి వస్తున్నాడు. అక్క పోయిన నాటి నుంచి ఆ ఇంజను తిరగలేదు. మైల ఇల్లు కనుక పొయ్యి కూడా అంటించలేదు, అన్నం చుట్టాల ఇళ్ళ నుంచి వస్తోంది. రెండు పానాలూ నా సంచిలోనే ఉన్నాయి, సంచి రాత్రంతా నా తల కిందే ఉంది. నూనెలో నానిన ప్లగ్గులు బావకు చూపించి తప్పు ఒప్పుకుందామని బానెట్టు ఎత్తాను. ఇంజను మంచుగడ్డలా ఉంది.

మొదటి ప్లగ్గు వదులు చేసి వేళ్ళతో పట్టుకున్నాను. చర్మం చుర్రున అంటుకుపోయింది. గుడ్డతో పట్టి నాలుగూ తీశాను. నాలుగూ కాలుతున్నాయి. నూనె చుక్క లేదు. నిప్పుల్లోంచి తీసినట్టు తెల్లగా ఉన్నాయి, ఒకదానికి ఇంత బూడిద కూడా అంటి ఉంది.

బావ ఒకటి ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నా మొహం కేసి చూశాడు.

"ఎవలు కాల్చిన్రు?"

చెప్పడానికే వచ్చాను. మాటలన్నీ సిద్ధం చేసుకునే వచ్చాను. కానీ నా నోట వచ్చింది వేరు.

"మంచుకు తడిసినయ్ బావా. నేనే కాల్చిన."

ఆయన తల ఊపాడు. మంచుకు తడిసినయ్ అని తనలో తాను అనుకున్నాడు. ప్లగ్గులు బిగించి హ్యాండిల్ తిప్పితే ఒక్క తిప్పుకే బండి లేచింది. బావ దాని పక్కన నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు బతికాడు. చలికాలం వస్తే చాలు, కొట్టంలో ఉన్న బండి మీద కూడా గోనెలు కప్పేవాడు. పోయిన ఏడు ఆయనా వెళ్ళిపోయాడు, అక్కను తానే చంపానన్న నమ్మకంతోనే.

ఆ పొద్దున బండి లేచాక నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యిలో చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. ఆ వేడి ఎక్కడి నుంచి వచ్చిందో ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నా తేలలేదు. ఆ ప్లగ్గులు ఎవరు కాల్చారో నేను చెప్పలేను. నేను మాత్రం కాదు. బావ అడిగినప్పుడు చెప్పవలసిన మాట అదే.